దారి నేనే అన్న రౌటరు: ఆర్పానెట్ కష్టాలు, మా హాస్టల్ వైఫై

కాస్త పెద్ద పోస్టే. మెస్‌లో క్యూ కట్టినప్పుడు చదువుకోండి.

మొన్న స్కాలర్‌షిప్ రెన్యువల్ ఆఖరి వారంలో మా హాస్టల్ వైఫైలో ఆ సైటు తెరుచుకోలేదు. వాట్సాప్ పోతోంది, యూట్యూబ్ ఆడుతోంది. ఆ ఒక్క సైటు దగ్గరికొచ్చేసరికి తెల్ల పేజీ, మధ్యలో గుండ్రంగా తిరిగే చక్రం. ఫోన్ డేటా మీద చేద్దామంటే మా దగ్గర సిగ్నల్ వాటర్ ట్యాంక్ ఎక్కితే తప్ప రాదు. ఆఫీసులో చెప్తే వచ్చిన జవాబు ఇది: "రాత్రంతా రీల్స్ చూస్తే నెట్ ఎక్కడ మిగుల్తుంది రా మీకు?" మేము నలుగురం, ఒకటే రూమ్, నాలుగు వేరే వేరే ఊళ్లు. నాలుగు ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఫారం పడకపోతే మెస్ బిల్లు ఎక్కడి నుంచి తేవాలో ఇంట్లో ఎవర్నీ అడగలేం.

ఆ వారం మేము రెండు పనులు చేసాం. ఒకటి, తప్పు మాది కాదని చూపించే దారి వెతికాం. రెండు, అలా వెతుకుతూ నెట్‌వర్క్స్ పేపర్లో రెండు లైన్లలో ముగించేసిన ఆర్పానెట్ చరిత్ర మొత్తం చదివేసాం. మా సిలబస్‌లో ఆర్పానెట్ అంటే "1969లో అమెరికా రక్షణ శాఖ మొదలుపెట్టింది" అని ఒక బిట్ ప్రశ్న, అంతే. అసలు కథ ఆ తర్వాత ఉంది. ఆ పెట్టెలు ఎలా తప్పు చేసాయి, ఆ తప్పు ఏ పెట్టెది అని ఎలా పట్టుకున్నారు అన్నది.

ముందు పెట్టె గురించి. ఇప్పుడు మనం రౌటర్ అంటున్నదాన్ని అప్పుడు ఐఎంపీ అనేవాళ్లు, ఇంటర్‌ఫేస్ మెసేజ్ ప్రాసెసర్ అని. మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో బీబీఎన్ అనే కంపెనీ తయారుచేసింది. ఫ్రాంక్ హార్ట్ టీమ్ లీడర్. విల్ క్రౌథర్, డేవ్ వాల్డెన్, బెర్నీ కొసెల్ ప్రోగ్రామ్ రాసారు. లోపల ఉన్నది హనీవెల్ డీడీపీ-516 అనే మినీకంప్యూటర్, బీరువా అంత సైజు. మెమరీ 12 వేల వర్డ్‌లు, ఒక్కో వర్డ్‌కి 16 బిట్లు. అంటే ఈరోజు మన ఫోన్లో ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. అంతలోనే దారులు వెతకడం, ప్యాకెట్లు అందుకోవడం, దాచడం, పక్కవాడికి పంపడం, తప్పొస్తే మళ్లీ పంపడం అన్నీ జరగాలి. మొదటిది 1969 ఆగస్టు చివర్లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏకి చేరింది. అక్టోబర్ 29 రాత్రి అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి లాగిన్ అని కొట్టబోతే రెండు అక్షరాలు వెళ్లి అవతల కంప్యూటర్ పడిపోయింది. ఈ కథ అందరూ చెప్తారు. కానీ ఆ తప్పు ఐఎంపీది కాదు. అవతల హోస్ట్ కంప్యూటర్ ప్రోగ్రామ్‌లోది. దారిలో ఉన్న పెట్టె తన పని తాను సరిగ్గానే చేసింది. నెట్ ఆగగానే మొదట కనపడినవాణ్ణి తిట్టడం ఎంత తప్పో నెట్ పుట్టిన రోజే తేలింది, మా ఆఫీసువాళ్లకి ఇంకా తేలలేదు.

ఐఎంపీ సొంత తప్పు మొదట బయటపడింది 1970లో. బాబ్ కాన్ అనే ఆయన ముందు నుంచీ చెప్తూనే ఉన్నాడు, ట్రాఫిక్ ఎక్కువైతే ఇది బిగుసుకుపోతుంది అని. ప్రోగ్రామ్ రాసినవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. సరే అని ఆ ఏడాది మొదట్లో కాన్, వాల్డెన్ ఇద్దరూ లాస్ ఏంజెలెస్ వెళ్లి, కావాలనే నెట్‌వర్క్‌ని ట్రాఫిక్‌తో నింపి చూసారు. బిగుసుకుపోయింది.

ఎలా అంటే, పెద్ద మెసేజ్‌ని ఐఎంపీ ముక్కలు చేస్తుంది. ముక్క సుమారు 1,000 బిట్లు, ఒక మెసేజ్‌కి గరిష్ఠంగా 8 ముక్కలు. చివరి ఐఎంపీ అన్ని ముక్కలూ వచ్చేదాకా దాచి, కలిపి, హోస్ట్‌కి ఇవ్వాలి. ఇప్పుడు సంత రోజు మా ఊరి జీపు స్టాండ్ ఊహించండి. నాలుగు కుటుంబాలు, ప్రతి కుటుంబంలోనూ సగం మంది స్టాండ్‌లోకి వచ్చేసారు. "మా వాళ్లందరూ వస్తేనే జీపెక్కుతాం" అని కూర్చున్నారు. మిగతా సగం బయట రోడ్డు మీద. స్టాండ్ నిండిపోయింది కాబట్టి వాళ్లు లోపలికి రాలేరు. లోపలివాళ్లు కదలరు, బయటివాళ్లు కదల్లేరు. ఎవరూ తప్పు చేయలేదు, కానీ ఇక ఎప్పటికీ జీపు కదలదు. చివరి ఐఎంపీలో సగం సగం మెసేజ్‌లతో బఫర్లన్నీ నిండాయి, కావలసిన ముక్కలేమో పక్క ఐఎంపీల్లో ఇరుక్కున్నాయి. దీన్ని రీఅసెంబ్లీ లాకప్ అన్నారు. తర్వాత మార్చింది ఏంటంటే, పెద్ద మెసేజ్ పంపేముందే అవతలివాణ్ణి "8 ముక్కలకి చోటుందా" అని అడగాలి, ఉంది అని జవాబొస్తేనే పంపాలి. కాన్, క్రౌథర్ కలిసి 1972లో దీని మీద పేపర్ రాసారు. అన్నట్టు ఈ కాన్‌నే, తర్వాత వింట్ సెర్ఫ్‌తో కలిసి టీసీపీ తయారుచేసింది. విననివాళ్లకి మాటలతో చెప్పడం మానేసి, చెడగొట్టి చూపించాడు. మా రూమ్‌లో ఆయనకి అభిమానులు పెరిగారు.

రెండోది 1970ల మొదట్లో హార్వర్డ్ యూనివర్సిటీ ఐఎంపీది. ఇది మాకు బాగా నచ్చింది, ఎందుకంటే మన ఏజెన్సీలో అందరికీ తెలిసిన సంగతే.

కొత్త మనిషి కొండ దారిలో "ఫలానా ఊరు ఎంత దూరం" అని అడిగితే మన పెద్దవాళ్లు ఏం చెప్తారు? "దగ్గరే, ఆ మలుపు తిరిగితే." ఆ మలుపు తర్వాత ఇంకో రెండు కొండలుంటాయి. ఆ రోజుల్లో ఐఎంపీలు దారి నేర్చుకున్నది ఇలా అడిగే. ప్రతి ఐఎంపీ సెకను లోపే తన పక్కవాళ్లకి ఒక పట్టిక పంపేది: "నా దగ్గర్నుంచి ఫలానా చోటికి ఇంత దూరం." పక్కవాడు దానికి తన దూరం కలుపుకొని, ఎవరి మాట ప్రకారం దగ్గరో అటు ప్యాకెట్ పంపేవాడు. ఎవరికీ మొత్తం మ్యాప్ తెలియదు. పక్కవాడి మాటే ఆధారం.

హార్వర్డ్ ఐఎంపీ మెమరీలో ఒక భాగం పాడైంది. ఆ పట్టిక ఉన్న చోట ఏం చదివినా సున్నాలే వచ్చాయి. అంటే అది పక్కవాళ్లకి చెప్పింది: "ఎక్కడికైనా సరే, నా నుంచి దూరం సున్నా." ఇంకేముంది, చుట్టుపక్కల ఐఎంపీలన్నీ ప్యాకెట్లని హార్వర్డ్‌కి తోలడం మొదలుపెట్టాయి. వాటి మాట విని ఇంకా దూరంగా ఉన్నవి కూడా. వెళ్లినవేవీ తిరిగి రాలేదు. ఇలాంటివాటికి బ్లాక్ హోల్ అని పేరు పడింది. గమనించండి, పడిపోయిన పెట్టె ప్రమాదం కాదు. పడిపోతే పక్కవాళ్లు తెలుసుకుని వేరే దారి పట్టేవాళ్లు. బతికుండి, ధీమాగా తప్పు చెప్పే పెట్టెతోనే కష్టం.

మరి లైన్ మీద తప్పులు పట్టే ఏర్పాటు లేదా అంటే, ఉంది. ప్రతి ప్యాకెట్‌కీ 24 బిట్ల చెక్ ఉండేది, హార్డ్‌వేర్‌లోనే. టెలిఫోన్ తీగల మీద ఒక బిట్ మారినా అవతలివైపు పట్టేసేది. కానీ ఆ చెక్ లెక్కకట్టేది ప్యాకెట్ తీగలోకి దిగేటప్పుడు. మెమరీలో ఉండగానే కుళ్లితే, కుళ్లినదానికే శుభ్రంగా చెక్ వేసి పంపుతుంది. అవతలివాడికి అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. మూట కట్టాక సీలు వేసారు, మూటలో ఏం కట్టారో ఎవరూ చూడలేదు, అలా అన్నమాట. ఆ తర్వాత బీబీఎన్ వాళ్లు సాఫ్ట్‌వేర్‌లోనే రెండో చెక్ పెట్టారు, రూటింగ్ పట్టిక మీద. అంతటితో ఆగలేదు. రూటింగ్ ప్రోగ్రామ్ కోడ్ కూడా మెమరీలోనే ఉంటుంది కదా, అది పాడైతే? అందుకని ఆ కోడ్‌ని నడిపేముందు దాని చెక్‌సమ్ కూడా చూసుకునేలా మార్చారు. తేడా వస్తే పక్క ఐఎంపీ నుంచి కొత్త కాపీ తెచ్చుకోవచ్చు. అన్ని ఐఎంపీల్లోనూ ఉన్నది ఒకటే ప్రోగ్రామ్ కాబట్టి అది సాధ్యమైంది.

ఇంత చేసాక కూడా 1980 అక్టోబర్ 27న ఆర్పానెట్ మొత్తం కొన్ని గంటలపాటు పనికిరాకుండా పోయింది. ఇది కొంచెం ఓపికగా చదవండి.

అప్పటికి దారి వెతికే పద్ధతి మార్చేసారు. 1979 నుంచి పక్కవాడి మాట కాకుండా, ప్రతి ఐఎంపీ తన సొంత లైన్ల సంగతి మాత్రమే ఒక చిన్న కబురుగా రాసి ఊరంతా చాటింపు వేసేది. అందరి కబుర్లూ అందరికీ చేరతాయి, ప్రతివాడూ మొత్తం మ్యాప్ సొంతంగా గీసుకుంటాడు. హార్వర్డ్ లాంటి కథ ఇక జరగదు. కానీ ఒకే ఐఎంపీ నుంచి రెండు కబుర్లు వస్తే ఏది కొత్తది? దానికి వరస నంబరు పెట్టారు. 6 బిట్లు, అంటే 0 నుంచి 63 దాకా. 63 తర్వాత మళ్లీ 0. చుట్టు తిరిగే నంబర్లు కాబట్టి పెద్ద నంబరే కొత్తది అనడానికి లేదు. గడియారంలో 11 తర్వాత 2 వస్తే 2 ముందు కాదు, తర్వాత. అందుకని సగం చుట్టు లోపల ఏది ముందుంటే అది కొత్తది అని నియమం.

ఆ రోజు ఏదో ఒక చోట హార్డ్‌వేర్ బిట్లు జారవిడిచింది. 50వ నంబరు ఐఎంపీ పేరు మీద ఒకేసారి మూడు కబుర్లు తిరగడం మొదలయ్యాయి. వాటి నంబర్లు 44, 40, 8. బిట్లలో రాస్తే 101100, 101000, 001000. చూడండి, మొదటిదాంట్లో ఒక 1 జారితే రెండోది. రెండోదాంట్లో ఒక 1 జారితే మూడోది. ఇప్పుడు నియమం పెట్టి చూడండి. 40 కంటే 44 కొత్తది. 44 కంటే 8 కొత్తది, ఎందుకంటే వెనక్కి తేడా 36, సగం చుట్టు దాటింది. 8 కంటే 40 కొత్తది, తేడా సరిగ్గా 32. మళ్లీ మొదటికి. గడియారం మీద 12, 4, 8 పెట్టుకుని చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 12 తర్వాత 4, 4 తర్వాత 8, 8 తర్వాత 12. మూడింట్లో ఏది పాతది? ఏదీ కాదు.

ప్రతి ఐఎంపీ నిజాయితీగా తన పని చేసింది. 44 వచ్చింది, కొత్తది, దాచుకుని అందరికీ పంపింది. 8 వచ్చింది, ఇంకా కొత్తది, పంపింది. 40 వచ్చింది, పంపింది. ముసలి కబుర్లని చంపడానికి వయసు లెక్క కూడా పెట్టారు పాపం. కబురు మెమరీలో ఊరికే కూర్చుంటే 8 సెకన్లకోసారి దాని ఆయుష్షు ఒక మెట్టు తగ్గాలి. ఇక్కడ కూర్చుంటే కదా. 8 సెకన్లు గడవకముందే తర్వాతది వచ్చి దాన్ని తోసేస్తోంది. అలా అవి ఎప్పటికీ పడుచుగానే ఉండిపోయాయి.

రూటింగ్ పనికి అన్నిటికంటే ముందు వరస ఇచ్చారు కాబట్టి పెట్టెలన్నీ ఆ మూడు కబుర్లతోనే సతమతం. "లైను బతికే ఉందా" అని పక్కవాణ్ణి పలకరించే చిన్న పనికి కూడా తీరిక లేదు. పలకరింపు రాకపోయేసరికి మంచి లైన్లు కూడా చచ్చిపోయినట్టు లెక్కలోకి వెళ్లాయి. కంట్రోల్ సెంటర్‌లో కూర్చున్నవాళ్లకి కనిపించింది లైన్లు పడిపోవడం. లైన్లకేం కాలేదు.

ఎలా పట్టుకున్నారంటే, ఒక ఐఎంపీ మెమరీని ఉన్నదున్నట్టు దింపుకుని చదివారు. క్యూలో చూస్తే వరసగా అవే మూడు నంబర్లు, అదే 50. పక్కపక్కన రాసుకుంటే బిట్లు జారిన జాడ తేటగా కనపడింది. సరే, ఒక పెట్టెని ఆపి మళ్లీ మొదలుపెడదామా? లాభం లేదు, లేచిన మరుక్షణం పక్కవాడు అవే కబుర్లు అంటిస్తాడు. ఆఖరికి ఐఎంపీలన్నిటికీ చిన్న ప్యాచ్ పంపారు: 50 పేరుతో వచ్చే కబురు ఏదీ తీసుకోవద్దు అని. జబ్బు కబుర్లు అన్ని చోట్లా పోయాక ప్యాచ్ తీసేసారు.

బీబీఎన్‌లో ఎరిక్ రోజెన్ అనే ఇంజినీర్ దీన్నంతా 1981 జూలైలో ఆర్ఎఫ్‌సీ 789 అనే పత్రంగా రాసి అందరి ముందూ పెట్టాడు. మా కంపెనీ పరువు పోతుంది అని దాచలేదు. మేము చదివిన టెక్నికల్ పత్రాల్లో మొదటిసారి చివరిదాకా వదలకుండా చదివింది అదే. ఇంగ్లీషు మొదట్లో భయం వేసింది, కానీ అది కథ చెప్పినట్టే ఉంటుంది. మన గ్రూపులో కంప్యూటర్స్ చదివేవాళ్లు తప్పకుండా చదవండి. దాని తర్వాత రేడియా పెర్ల్‌మన్ 1983లో ఒక పేపర్ రాసింది: ఒక పెట్టె ఎంత పాడైనా, దాన్ని తీసేసాక నెట్‌వర్క్ మనిషి చెయ్యి పడకుండా తనంతట తానే కోలుకోవాలి అని. ఇప్పుడు మనం ల్యాబ్‌లో కాన్ఫిగర్ చేసే ఓఎస్‌పీఎఫ్‌లో వరస నంబరు 32 బిట్లు, చుట్టు తిరగదు. కబురుకి సొంత చెక్‌సమ్ ఉంటుంది. గంట నిండితే, అంటే 3,600 సెకన్లకి, కబురు చచ్చిపోతుంది. ల్యాబ్ రికార్డులో ఈ 3,600 మేము ఎన్నిసార్లు రాసామో. ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక హాస్టల్‌కి వద్దాం.

ఇవన్నీ చదివాక మాకు అర్థమైంది, "నెట్ స్లో" అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఆఫీసు దగ్గర చెల్లదని. నంబర్లు కావాలి. సీనియర్ అన్న ఒకరు చెప్పారు, పింగ్‌ని సైజులు మార్చి కొట్టి చూడండి రా, ముక్కలు చెయ్యొద్దు అన్న గుర్తు పెట్టి కొట్టండి అని. మామూలు చిన్న పింగ్ చక్కగా వెళ్లింది. 1472 బైట్లు పెట్టి కొట్టాం. జవాబు లేదు. తగ్గించుకుంటూ వచ్చాం, నోట్‌బుక్‌లో రాసుకుంటూ. 1465 పోలేదు. 1464 పోయింది! పదిసార్లు కొట్టినా అదే గీత. రాత్రి రెండింటికి, హాస్టల్ మొత్తం పడుకున్నాక, ఎవరూ రీల్స్ చూడనప్పుడు కూడా అదే గీత.

1464కి హెడర్లు 28 కలిపితే 1492. ఈథర్‌నెట్‌లో ప్యాకెట్ గరిష్ఠంగా 1500. మా కాలేజీ బయటి లైను పీపీపీఓఈ మీద నడుస్తుంది, దానికి 8 బైట్లు పోతాయి. అంటే మా రౌటర్‌కి లోపల వైపు తలుపు 1500, బయట వైపు 1492. 1500 ప్యాకెట్ వస్తే రౌటర్ ఏం చెయ్యాలో 1990లోనే జెఫ్రీ మోగల్, స్టీవ్ డీరింగ్ రాసిన ఆర్ఎఫ్‌సీ 1191లో ఉంది. పడేయొచ్చు, కానీ పంపినవాడికి "ఇది పట్టదు, నా తలుపు ఇంతే" అని కబురు చెప్పాలి. అప్పుడు వాడు చిన్నది పంపుతాడు. మా పెట్టె పడేస్తోంది, చెప్పట్లేదు. అవతల సర్వర్ వైపు కూడా ఇలాంటి కబుర్లని ఫైర్‌వాల్ ఆపేస్తే వాడికీ తెలియదు. పంపిన పెద్ద ముక్కనే మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటాడు, మనకి చక్రం తిరుగుతూ ఉంటుంది. దీనికి కూడా బ్లాక్ హోల్ అనే పేరు. హార్వర్డ్ కథ పేరు మళ్లీ మా హాస్టల్లో ఎదురయ్యేసరికి నవ్వొచ్చింది. యూట్యూబ్ ఎందుకు ఆడిందో కూడా తెలిసింది. అది వాడే క్విక్ అనే పద్ధతి 1200 బైట్ల చుట్టుపక్కల చిన్న ప్యాకెట్లతోనే మొదలుపెడుతుంది, మా తలుపులో దూరిపోతుంది. రీల్స్ చూసేవాడికి ఏ ఇబ్బందీ లేదు, ఫారం నింపేవాడికే ఇబ్బంది. తిట్లు మాత్రం తలకిందులుగా పడ్డాయి.

నోట్‌బుక్ పేజీ తీసుకుని ఈసారి ఆఫీసుకి కాదు, నెట్‌వర్క్ చూసే టెక్నీషియన్ అన్న దగ్గరికి వెళ్లాం. ఆయన పేజీ చూసి మొదట ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సెలవుల్లో పెట్టె మార్చాం, ఈ సెట్టింగ్ పాత దాంట్లో ఉండేది" అన్నారు. టీసీపీ మాట కలిపేటప్పుడే "నాకు 1452 కంటే పెద్ద ముక్క పంపకు" అని రౌటరే చెప్పేలా ఒక లైను పెట్టారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. సైటు తెరుచుకుంది. గడువుకి ఒక రోజు ముందు మా నలుగురి ఫారాలు పడ్డాయి, మా ఫ్లోర్‌లో ఇంకో పదకొండు మందివి కూడా. పై ఫ్లోర్‌లో ఒక తమ్ముడు అప్పటికే సైటు రావట్లేదని ఊరెళ్లిపోయాడు. వాడికి ఫోన్ చేస్తే కలవలేదు. రెండు రోజుల తర్వాత కలిసింది.

ఆఫీసు నుంచి ఎవరూ ఏమీ అనలేదు, రీల్స్ మాట వెనక్కి తీసుకుంటున్నాం అని కూడా అనలేదు. మేమూ అడగలేదు.

వేరే హాస్టళ్లలో ఉన్నవాళ్లు, కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తెరుచుకోకపోతే ముందు ఇది చేసి చూడండి. విండోస్‌లో పింగ్ తర్వాత మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ పెట్టి 1472 కొట్టండి, పోకపోతే తగ్గించుకుంటూ రండి. ఏ నంబరు దగ్గర ఆగిందో, ఏ టైమ్‌లో కొట్టారో రాసుకోండి. కాలేజీ పేరు వద్దు, నంబరు మాత్రం కింద పెట్టండి. తమ్ముడి కేసు ఏం చెయ్యాలో తెలిసిన అన్నలు, అక్కలు ఉంటే అది కూడా చెప్పండి, వాడి గడువు దాటి ఈరోజుకి పదిహేను రోజులు.